కుక్క యున్న వాకిటికే వైద్యుడు రావలెను

పల్నాడన్నంతనే ఆంధ్రుని మనస్సునకు కారెంపూడి రణభూమియు, నాగులేటి గట్టును, బ్రహ్మనాయని చాపకూడును, నాగమ్మ రాజనీతియు స్ఫురించును. కోడిపోరు మూలమున రాజ్యములు కూలిన సీమ యని లోకులు దీనిని చెప్పుకొందురు. ఆ కోడికి వీరగాథలలో చోటు దొరకినది. కాని అదే సీమలో రాత్రియంతయు మేలుకొని గొఱ్ఱెల దొడ్డిని, మిరప కళ్ళమును, పేదవాని గుడిసెను కాచుచున్న కుక్కకు పెద్దల ఆలోచనలలో దొరకిన చోటు బహుస్వల్పము. దాని ఆరోగ్యము మనుష్యుని ఆరోగ్యముతో ముడిపడియున్నది. కావున ఆ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట అప్రస్తుతము కాదని మా విశ్వాసము.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు ప్రత్యేక జిల్లా యైనది. మఱుసటి నెల, మే 19వ తేదీన, రాష్ట్రప్రభుత్వము సంచార పశువైద్యశాలలను ప్రారంభించినది. శాసనసభా నియోజకవర్గమున కొకటి చొప్పున 175 వాహనములు మొదటి విడతలో బయలుదేఱినవి. 2023 జనవరిలో మఱి 165 వానికి తోడైనవి. ఒక్కొక్క వాహనమున పట్టభద్రుడగు పశువైద్యుడును, పశువైద్యమున డిప్లొమా పొందిన సహాయకుడును, డ్రైవరును ఉండవలెనని యేర్పాటు. పేడను, రక్తమును పరీక్షించు పరికరములు, మందులు, లేవలేని పశువును పైకెత్తు యంత్రము అందులో అమర్చబడినవి. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో వైద్యుడు రైతు వాకిటికి రావలెను. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే ఇట్టి వాహనములను నడిపించినది. ఇది మెచ్చదగిన పని. పడిపోయిన ఎద్దు వైద్యుని వెదకికొనుచు పోజాలదు, వైద్యుడే దాని యొద్దకు పోవలెనను సామాన్యసత్యమును ప్రభుత్వములు గుర్తించినవి.

అయితే ఈ వాహనము పాడిపశువును, గొఱ్ఱెను, మేకను ప్రధానముగా దృష్టియందుంచుకొని పుట్టినది. కుక్క వంతు వచ్చునప్పటికి 'దానికి కూడనా వైద్యుడు?' అని పెదవి విఱుచువారే యెక్కువ. మేము చెప్పదలచినది ఒక్కటే: చక్రములపై వచ్చు వైద్యుని అవసరము తక్కిన జంతువులకంటె కుక్కకే యెక్కువ, కుక్కకంటెను దానిని పెంచు పేదకు, ఆ వీథిలో నాడుకొను పసివానికి మఱింత యెక్కువ.

ఎట్లందురా? ఆవును పలుపు పట్టి ఆసుపత్రికి నడిపింపవచ్చును. గొఱ్ఱెపిల్లను భుజముపై వేసికొని పోవచ్చును. మంద వెంట తిరుగు కుక్క మెడకు పుట్టినది మొదలు త్రాడు తగిలి యుండదు. నొప్పితో నున్న కుక్క అన్నము పెట్టిన చేతినే కఱచును. దానిని బస్సులో ఎక్కించుకొనువారు లేరు. ఆటోవాడు రెండింతలు అడుగును, లేదా రానే రానని పోవును. వెల్దుర్తి, దుర్గి ప్రాంతముల తండానుండి పట్టణమునకు వచ్చి పోవుటకు కూలివానికి ఒక దినము కూలి పోవును. ఎండకాలమున సంగతి చెప్పనక్కఱలేదు. రాష్ట్రమున మిక్కిలి వేడి గల చోటులలో రెంటచింతల పేరు ప్రతి వేసవియందును పత్రికలలో చదువుచునే యున్నాము. కుక్క మనవలె ఒడలెల్ల చెమటపట్టి చల్లబడదు. నాలుక చాచి రొప్పుటయే దానికి ముఖ్యోపాయము. జ్వరముతో నున్న కుక్కను ఆ యెండలో, రేకుల బండిలో, గోనెసంచిలో కట్టి తెచ్చుట చికిత్సకు తెచ్చుట కాదు, చావునకు తెచ్చుట.

కావున పల్లెలోని కుక్క ఆసుపత్రికి వచ్చుటే అరుదు. వచ్చినను కడపటి గడియలో వచ్చును. రోగము వచ్చిన కుక్క మాటయే యిట్లుండగా, ఆరోగ్యముగా నున్న కుక్కకు టీకా వేయించుటకై ఒక దినము కూలి విడిచి వచ్చు పేద యెవడు? ప్రతి సంవత్సరము జూలై 6వ తేదీన, జంతువులనుండి మనుష్యులకు సోకు వ్యాధుల దినమని, పశువైద్యశాలలలో కుక్కలకు పిచ్చివ్యాధి టీకాలు ఉచితముగా వేయుచున్నారు. మంచిదే. కాని ఆ వరుసలో నిలుచుండునవి పట్టణములలో గొలుసుతో పెరుగు కుక్కలు. మందకుక్క ఆ వేళకు మంద వెంట నుండును. వీథికుక్కను తెచ్చు నాథుడు లేడు. ఎవనివలన భయమో వాడు రాడు, ఎవనివలన భయము లేదో వాడు వచ్చును. ఈ వైపరీత్యమునకు మందు వైద్యుని చక్రములలో నున్నది.

వాకిటికి వచ్చిన వైద్యునికి కనబడునవి ఆసుపత్రి బల్లకడ కూర్చున్న వైద్యునికి కనబడవు. కుక్క ఏమి తినుచున్నది, ఏ నీరు త్రాగుచున్నది, ఎండలో కట్టబడినదా, నీడలో నున్నదా అను విషయములు అడుగకయే తెలియును. కుక్కపిడుదులు గోడల నెఱ్ఱెలలో దాగి అక్కడనే గ్రుడ్లు పెట్టును. నాపరాళ్ళు పేర్చి కట్టిన పల్నాటి గోడలలో వానికి నెఱ్ఱెలకు కొదువ లేదు. కుక్క ఒంటికి మందు పూసి గోడను విడిచినచో పది దినములలో మరల మొదటికి వచ్చును. ఆ గోడను చూచినవాడే ఆ మాట చెప్పగలడు. పిడుదులు వ్యాపింపజేయు రక్తరోగములు కుక్క నెట్లు పాలిపోజేసి చంపునో పెంచినవారికి తెలియును. ఇక పిల్లల సంగతి. రక్తవిరేచనములతో వాంతులతో కుక్కపిల్లలను హరించు పార్వో వ్యాధి విషాణువు నేలపై నెలల తరబడి నిలిచియుండును. టీకాలు పూర్తికాని పిల్లను రోగిష్ఠికుక్కలు వచ్చిపోవు ఆసుపత్రి అరుగుమీద కూర్చుండబెట్టుట కోరి ముప్పు తెచ్చుకొనుట. తన వాకిట, తన యజమానుని ఒడిలో నున్న కుక్క బెదరదు. దాని గుండె చప్పుడు, ఒంటి వేడి ఉన్నవి ఉన్నట్లు తెలియును. ఒక యింటికని వచ్చిన వాహనము ఆ వీథిలోని పది కుక్కలను చూచిపోవచ్చును. వ్యయము ఒక్కటి, ఫలము పది.

ఇవన్నియు ఒక యెత్తు, పిచ్చికుక్క కాటు ఒక యెత్తు. ప్రపంచారోగ్యసంస్థ అంచనా ప్రకారము లోకమున ఈ వ్యాధివలన ఏటా సుమారు 59,000 మంది మరణించుచున్నారు. అందు మూడవ వంతునకు మించి, అనగా నూటికి 36, మన దేశపు మరణములే. మనుష్యులకు సోకు ఈ వ్యాధి నూటికి 99 సందర్భములలో కుక్కవలననే సోకుచున్నది. చనిపోవువారిలో పిల్లలు పెక్కండ్రు, పేదలు పెక్కండ్రు. లక్షణములు బయటపడిన పిదప దీనికి చికిత్స లేదు. సుశ్రుతుడు కల్పస్థానమున పిచ్చికుక్క విషమును వర్ణించుచు, కాటుపడినవానికి నీరు చూచిన భయము పుట్టినచో వాడు జీవింపడని ఆ కాలముననే చెప్పియున్నాడు. నేటికిని ఆ మాట దాదాపు అట్లే నిలిచియున్నది. మాఱినది ఒక్కటి: ఆ భయము పుట్టకుండ ముందే అడ్డుకొను ఉపాయము మన చేతికి వచ్చినది.

కాటుపడినవాడు తక్షణమే గాయమును సబ్బుతో, ధారగా పాఱు నీటితో, పదునైదు నిమిషములు కడుగవలెను. పిదప ఆసుపత్రికి పోయి, చెప్పిన దినములలో చెప్పినన్ని టీకాలు వేయించుకొనవలెను. గాయము లోతైనదైనచో గాయములోనే ఎక్కించు ప్రతిరక్షక ద్రవ్యమును కూడ పొందవలెను. మన పల్లెలలో గాయముపై కారము చల్లువారును, సున్నము పూయువారును ఇంకను ఉన్నారు. పల్నాటి మిరప కూరకు మంచిది. పిడుగురాళ్ళ సున్నము గోడకు మంచిది. కాటు గాయమునకు రెండును చెఱుపే చేయును.

ఈ వైద్యము మన దేశమునందు నడచివచ్చిన త్రోవను ఒక్కసారి చూతము. 1885 జూలై 6వ తేదీన పారిస్ నగరమున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కఱచిన జోసఫ్ మైస్టర్ అను బాలునికి తన టీకాను మొదటిసారి వేసి బ్రతికించెను. జూలై 6 నేటికిని స్మరింపబడుట అందులకే. మన దేశమున 1900లో కసౌలీయందును, 1907లో దక్షిణమున కూనూరునందును పాశ్చర్ సంస్థలు వెలసినవి. ఆ కాలమున కాటుపడిన తెలుగువాడు ప్రాణమును అరచేత పట్టుకొని నీలగిరులకు రైలెక్కవలసివచ్చెను. తరువాత గొఱ్ఱె మెదడునుండి తీసిన టీకాను పొట్టపై వరుసగా పొడుచు పద్ధతి తాలూకా ఆసుపత్రులకు వచ్చెను. ఆ బాధాకరమైన పద్ధతి 2005 ప్రాంతమున మన దేశమున నిలిచిపోయెను. నేడు చేతికి వేయు నిరపాయమైన టీకా ప్రాథమికారోగ్య కేంద్రమునకు చేరినది. కొండమీదినుండి పట్టణమునకు, పట్టణమునుండి మండలమునకు మందు మనుష్యుని వైపు నడచివచ్చుచునే యున్నది. ఇక మిగిలినది ఒక్క అడుగు. కఱవబడిన మనుష్యుని యొద్దకు వచ్చిన మందు, కఱచు కుక్క యొద్దకు పోవలెను. ఊటను కట్టక వఱదను తోడుచుండుట వివేకము కాదు.

ఊటను కట్టుట సాధ్యమేనా యని సందేహించువారికి దృష్టాంతములు కలవు. ఒక ప్రాంతమునందలి కుక్కలలో నూటికి 70 కి టీకా పడినచో వ్యాధి వ్యాపించు గొలుసు తెగునని శాస్త్రజ్ఞుల నిర్ణయము. జపాను దేశము 1957 నాటికే ఈ వ్యాధిని తన గడ్డనుండి వెడలగొట్టినది. మెక్సికో దేశము మూడు దశాబ్దములపాటు ఊరూర కుక్కలకు టీకాలు వేసి, కుక్కలవలన మనుష్యులకు వచ్చు పిచ్చివ్యాధిని నిర్మూలించినట్లు 2019లో ప్రపంచారోగ్యసంస్థ గుర్తింపు పొందినది. దూరదేశముల మాట యెందులకు? మన గోవా రాష్ట్రమున టీకా బృందములు వాహనములలో వీథి వీథికి తిరిగి, పెంపుడు కుక్కలకు వాకిటనే, వీథికుక్కలకు వలలు వేసి పట్టి టీకాలు వేసినవి. 2021లో గోవా రేబీస్ నియంత్రిత ప్రాంతముగా ప్రకటింపబడినది. అక్కడ జయించినది కొత్త మందు కాదు; మందు కుక్క యొద్దకు పోయిన పద్ధతి.

'మనుష్యులకే వైద్యులు చాలని సీమలో కుక్కలకు వైద్యుడా?' యని కొందఱు ప్రశ్నింతురు. కాటుపడిన ఒక్క మనిషికి నాలుగైదు మోతాదుల టీకాయు, అంతకంటె వ్యయమగు ప్రతిరక్షక ద్రవ్యమును కావలెను. కుక్కకు ఏటికొక టీకా చాలును. ఏది దుబారా? ఏది పొదుపు? ఇది లెక్క తెలిసినవానికి చెప్పు సమాధానము. ధర్మము తెలిసినవానికి వేఱొక సమాధానము కలదు. అశోకుడు తన రెండవ శిలాశాసనమున మనుష్యులకును పశువులకును రెండు విధముల చికిత్సలను ఏర్పఱచితినని చెప్పుకొన్నాడు. ఆ శాసనపు ప్రతి మన కర్నూలు జిల్లాలో ఎఱ్ఱగుడి బండలపై నేటికిని చదువుకొనవచ్చును. ఇరువది రెండు శతాబ్దములకు పూర్వము ఆంధ్రదేశపు రాతిపై చెక్కబడిన మాటను నేడు వింతగా వినుట మనకు శోభ కాదు.

మఱి కొందఱు, కుక్కలను చంపివేసిన పీడ వదలునందురు. శతాబ్దకాలముగా పురపాలకసంఘములు చంపుచునే వచ్చినవి, పీడ వదలలేదు. చంపిన చోటికి పొరుగు వీథి కుక్క వచ్చి చేరును. టీకా పడిన కుక్కయు చచ్చినచో ఊరికి కట్టిన గోడయే కూలినట్లగును. మహాభారతము సరమ యను దేవశునకముతో కథ నారంభించుట ఊరక కాదు. జనమేజయుని యాగశాలలో తమ్ములు నిరపరాధియగు కుక్కపిల్లను కొట్టిరి. దాని తల్లి సరమ వచ్చి, కనబడని భయము నీకు కలుగునని రాజును శపించెను. కాటుపడి వారములో, నెలలో గడచు వఱకు పైకి తెలియక లోన దాగు ఈ వ్యాధికంటె కనబడని భయము వేఱొకటి కలదా? జనమేజయుడు శాపమును విని సరమను వేటాడబోలేదు. శాంతి చేయగల పురోహితుని వెదకికొనుచు తానే బయలుదేఱెను. ప్రభుత్వములకు అదియే మార్గము.

చట్టమును చూచినను అంతే. 2023 నాటి జంతు సంతాననియంత్రణ నియమములు వీథికుక్కలకు శస్త్రచికిత్స చేయించుట, టీకా వేయించుట స్థానికసంస్థల బాధ్యతగా నిర్ణయించినవి. ఢిల్లీ ప్రాంతపు కుక్కల వ్యవహారమున 2025 ఆగస్టు 22వ తేదీన సుప్రీంకోర్టు, పట్టిన కుక్కలకు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెననియు, పిచ్చిపట్టినవానిని, క్రూరస్వభావము గలవానిని మాత్రము విడువరాదనియు ఆదేశించినది. అదే సంవత్సరము నవంబరులో పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండులు మొదలగు ఆవరణములనుండి కుక్కలను తరలింపవలెనని చెప్పినది. తీర్పులపై వాదప్రతివాదము లుండవచ్చును. ఏ ఆజ్ఞను తీసికొన్నను టీకా వేయు చేయి లేనిదే అది కాగితముపైననే నిలుచును.

సంచార వాహనమే సర్వరోగనివారిణి యని మేమనుట లేదు. విఱిగిన యెముకకు ఎక్స్‌రే కావలెను. పెద్ద శస్త్రచికిత్సకు శుభ్రమైన గదియు, పిదప కొన్ని దినములు ఉంచి చూచు వసతియు కావలెను. వాహనము ఆసుపత్రికి బదులు కాజాలదు. నరసరావుపేట, గురజాల, మాచర్లలయందు ఆసుపత్రులు బలముగా నున్ననే వాహనము చేసిన పని నిలుచును. వాహనము ఆసుపత్రికి చేయి. చేయి యున్నదని మొండెమును విడువరాదు.

మేము కోరునవి అసాధ్యములు కావు. మొదటిది, ఫోను వచ్చిననే కదలుట చాలదు. ప్రతి గ్రామమునకు కుక్కల టీకాకని ఒక దినము నిర్ణయించి, ముందుగా దండోరా వేయించి, పంచాయతీ బల్లపై వ్రాయింపవలెను. రెండవది, ఆ దినమున వాహనము మంద మేతకు కదలకముందు తెల్లవాఱుననే చేరవలెను. పది గంటలకు వచ్చిన వైద్యునికి మందకుక్క దొరకదు. మూడవది, టీకాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున కాపాడు ఏర్పాటు వేసవియందును చెడకుండ చూడవలెను. రెంటచింతల యెండకు వేడెక్కిన టీకా వేసినను వేయనట్లే. నాల్గవది, టీకా పడిన కుక్కకు గుర్తు వేసి పంచాయతీలో పట్టిక యుంచవలెను. నూటికి 70 పూర్తియైనదో లేదో తెలియుటకు వేఱు మార్గము లేదు. ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: కుక్కకాటు పడినవాడు ఆరోగ్యకేంద్రమునకు వచ్చిన దినముననే ఆ వార్త పశువైద్యునికి చేరవలెను. వాహనము ఆ గ్రామమునకు పోయి, కఱచిన కుక్కను పది దినములు కనిపెట్టి, తక్కిన కుక్కలకు టీకా వేయవలెను. నేడు మనుష్యుల వైద్యుడొక దారిని, పశువుల వైద్యుడొక దారిని పోవుచుండగా వ్యాధి మాత్రము రెండు దారులను నడుచుచున్నది.

ప్రజల విధియు కొంత కలదు. కుక్కపిల్లలను గోనెలో కట్టి పొరుగూరి పొలిమేరలో విడిచిపెట్టు దురాచారమును మానవలెను. టీకా దినమున తన కుక్కను తానే పట్టుకొనుటకు ఇంటివాడు వాకిట నుండవలెను. పిల్లలకు కాటును దాపవద్దని నేర్పవలెను. కొట్టుదురేమోయని భయపడి చెప్పని బిడ్డయే ఈ వ్యాధికి తఱచుగా బలియగుచున్నాడు.

పల్నాటి పడమటి అంచున ఇంకొక కారణమును కలదు. మాచర్ల దాటిన పిదప నాగార్జునసాగరము, శ్రీశైలముల పులుల అభయారణ్యము మొదలగును. ఊరి కుక్కల రోగములు అడవి మృగములకు ప్రాకుట కల్పన కాదు; 2018లో గిర్ అడవియందు సింహములు వరుసగా మరణించినపుడు కొన్నిటియందు కుక్కలకు వచ్చు డిస్టెంపరు విషాణువు కనబడినది. అడవి అంచు తండాలలో కుక్కకు వేసిన టీకా అడవిలోని పులికిని కాపుదల.

ఆ అడవిని తలచినపుడు కన్నెగంటి హనుమంతును తలంపకుండుట పల్నాటివానికి శక్యము కాదు. పశువు మేసిన గడ్డికి పుల్లరి కట్టుమన్న పరప్రభుత్వమునకు ఎదురునిలిచి, 1922 ఫిబ్రవరిలో ఆ వీరుడు మించాలపాడున తుపాకిగుండ్లకు ఒడ్డి ప్రాణములు విడిచెను. ఆనాటి ప్రభుత్వము పేదవాని పశువు వెంట అడవి దాక పోగలిగినది. పన్ను తీసికొనుటకు పోయినది. ఆ దారి నేటికిని అట్లే యున్నది. స్వరాజ్యమున మన ప్రభుత్వము ఆ దారినే, ఆ మంద వెంటనే, మందుపెట్టె తీసికొని పోవలెను. పన్నునకు దొరకిన దారి వైద్యమునకు దొరకదని చెప్పుటకు వీలులేదు.

కుక్కలవలన మనుష్యునకు వచ్చు పిచ్చివ్యాధిని 2030 నాటికి తుడిచివేయుదుమని మన దేశము 2021లో సంకల్పము చెప్పుకొన్నది. గడువు దగ్గఱ పడినది. వాహనమున్నది, వైద్యుడున్నాడు, టీకా యున్నది, 1962 అను సంఖ్యయు ఉన్నది. జిల్లా అధికారులు గ్రామములకు దినములను నిర్ణయించి మొదటి బండిని దుర్గి దారిని పంపుదురు గాక! పల్నాటి కుక్క మన వాకిలిని కాచినది. దాని వాకిటికి మన వైద్యుడు పోవుట ఋణము తీర్చుకొనుటయే గాని దానము కాదు.